సున్నం పడ్డ కళ్ళు

కిందటి నెల మా చిన్నత్తను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ప్రగతి నగర్‌లోని మా అపార్ట్‌మెంటు నుంచి క్యాబ్‌లో బయలుదేరి, ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి, అద్దాల మేడల మధ్య ఇంకో అద్దాల మేడ ముందు ఆగాం. కింద కాఫీ దుకాణం, పైన సాఫ్ట్‌వేర్ కంపెనీ, మధ్యలో ఆసుపత్రి. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు లిఫ్టు నిండా ఉన్నారు. చిన్నత్త నా భుజం మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ సెంటు వాసనకు ముక్కు ఎగబీల్చి, గట్టిగానే అడిగింది.

"ఇది యాడనే? మన ఊరికి దగ్గర్నేనా?"

దగ్గరేమిటి నా తలకాయ, మా ఊరే అది. పేరు ఇప్పటికీ బస్సుల బోర్డుల మీద ఉంది గానీ ఊరు లేదు. ఏ రాతిగుండు ఎక్కడుండేదో, మా వాకిలి ఎటు తిరిగి ఉండేదో కళ్ళున్న నేనే పోల్చుకోలేకపోయాను. "దగ్గర్నే అత్తా" అని ఊరుకున్నాను.

లోపల ఒక నర్సు పిల్ల ఆమె కళ్ళలో చుక్కల మందు వేసి, "కళ్ళు మూసుకుని కూర్చోండమ్మా, డాక్టరు గారు పిలుస్తారు" అంది. మూసుకున్నా తెరిచినా ఆమెకు పెద్ద తేడా లేదని ఆ పిల్లకు తెలియదు. చిన్నత్త మాత్రం బడిపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని మూసుకుంది. కుడికన్ను ఆమె వయసు పిల్లగా ఉన్నప్పుడే పూర్తిగా పోయింది. ఎడమ కంటితో ఇన్నాళ్ళూ వెలుతురునూ నీడనూ, బాగా దగ్గరికొస్తే చీర రంగునూ గుర్తుపట్టేది. ఈ మధ్య అదీ మసకబారింది. కిటికీ ఎటుందో అడుగుతోంది. ఆ కాస్త వెలుతురైనా నిలబెడతారేమోనని నా ఆశ. తనకు ఏ ఆశా లేదు, నా పోరు పడలేక వచ్చింది.

మందు పనిచేయడానికి చాలాసేపు పడుతుందన్నారు. ఆ మందు వాసనో, ఏసీ చలో, ఆమె మూసుకున్న రెప్పలో, ఏదైతేనేం, నేను ఊరికే కూర్చోలేక మనసులోనే పాత ఊళ్ళోకి వెళ్ళిపోయాను.

మా ఊరంటే రాళ్ళు. ఎటు చూసినా గుండ్లు, ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్న గుండ్లు. మధ్యమధ్య సీతాఫలం పొదలు, జొన్నచేలు, ఒక చెరువు. చేను లేనివాళ్ళంతా రాళ్ళు కొట్టేవాళ్ళే. పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చికారం కట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఇక పొద్దుగూకేదాకా ఊరి చుట్టూ టంగు టంగు మని సుత్తి చప్పుడే. ఆ చప్పుడు ఎప్పుడైనా ఆగితే అప్పుడు మాకు భయమేసేది. ఎవరికో ఏదో అయిందని అర్థం.

ఆ ఏదో అయినవాళ్ళలో సగం మంది మా ఇంటికే వచ్చేవాళ్ళు. కంట్లో రాతిరవ్వ పడితే మా నాయనమ్మ తీయాల్సిందే. ఊళ్ళో అందరూ ఆమెను పెద్దవ్వ అనేవాళ్ళు. వచ్చిన మనిషిని అరుగు మీద తూర్పుకు తిప్పి కూర్చోబెట్టేది. నోట్లో ఉన్న తమలపాకు ఉమ్మేసి, మూడుసార్లు పుక్కిలించి, నాలుక చివరను రెప్ప కిందికి పోనిచ్చి ఒక్క విసురుతో రవ్వను తీసి నేలమీద ఉమ్మేది. మేం పిల్లలం మూతులు వంకర పెట్టుకుని చూసేవాళ్ళం. ఆ మనిషి మాత్రం కళ్ళు చికిలించి, లోకమంతా కొత్తగా ఉన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, "పెద్దవ్వా, సల్లగుండు" అని వెళ్ళిపోయేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికే నాయనమ్మకు దగ్గరి చూపు లేదు. రవ్వ ఎక్కడుందో ఆమెకు కనిపించేది కాదు. అది కనిపెట్టేది చిన్నత్త. నాయనకు చెల్లెలు, ఇంట్లో అందరికంటే చిన్నది. రెప్ప పైకి మడిచి ఒక్క చూపు చూసి, "ముక్కు దిక్కు, మీది రెప్ప కింద, నువ్వుగింజంత" అని చెప్పేది. నాయనమ్మ నాలుక సరిగ్గా అక్కడికే వెళ్ళేది. చిన్నత్త చూపు అలాంటిది. వాడకట్టులో ఎవరింట్లో సూదికి దారం ఎక్కకపోయినా పిలుపొచ్చేది ఆమెకే. పెద్దగుండు ఎక్కితే బొంబాయి రోడ్డు మీద దుమ్ము కనిపించేది మాకు. ఆ దుమ్ములో వచ్చేది లారీయో బస్సో, బస్సు దిగింది మేనమామో పట్వారో ఆమెకు కనిపించేది.

"నీ కండ్లు గద్ద కండ్లే పోరీ" అని నాయనమ్మ మురిసిపోయి, ఆ వెంటనే దిష్టి తగులుతుందని తన నోటిమీద తానే కొట్టుకునేది.

వానాకాలంలో ఊళ్ళో కండ్లకలక వచ్చేది. ఒకరికొస్తే వాడకట్టంతా ఎర్రకళ్ళతో తిరగాల్సిందే. ఎర్రకళ్ళవాళ్ళను చూస్తే చాలు అంటుకుంటుందని మా నమ్మకం. అందుకని నేనూ తమ్ముడూ బడి ఎగ్గొట్టడానికి కలక వచ్చిన పక్కింటి పిల్ల ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా ఆమె కళ్ళలోకి చూసేవాళ్ళం. ఆ పిల్లంటే మాకు అంత అభిమానమని వాళ్ళమ్మ అనుకుని మాకు బెల్లం ముక్కలు పెట్టింది. ఆ బెల్లం ఆ పిల్లతో పంచుకు తిని, ఆ చేతులతోనే కళ్ళు నలుపుకున్నాం. మర్నాటికి మేం కోరుకున్నదే అయింది. తెల్లారి లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఇద్దరం గుడ్డివాళ్ళమైపోయామని ఏడుపు లంకించుకున్నాం.

"బడి తప్పిచ్చుకోనీకె గుడ్డోళ్ళయితరా? ఇగ మంచిగయింది, గా బడి ముంగటికే పోయి అడుక్కతినుండ్రి" అని తిడుతూనే నాయనమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి మా రెప్పలు తుడిచింది. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టి కట్టింది. ఎవరి తువ్వాల వాళ్ళకు వేరు చేసింది. ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. పూలతో ఏం ఒరుగుతుందో తెలియదు గానీ, ఆ చల్లదనం ఇప్పటికీ నా రెప్పల మీద ఉంది.

ఆమె వైద్యంలో మంచీ ఉంది, చెడూ ఉంది. పొద్దుగూకితే గోడలు తడుముకునే పిల్లలను చూసి "రేచీకటి" అనేది. మునగాకు పప్పు తినిపించమనేది, మేకను కోసినప్పుడు కార్జం కాల్చి పెట్టమనేది. నిజంగానే వాళ్ళకు చూపు వచ్చేది. ముసలివాళ్ళ కంటిపాప తెల్లబడితే "మోతిబిందు, నాతోని గాదు, పట్నం దవాఖానకు పోండ్రి" అని పంపేది. కానీ కంట్లో ఎర్రజీర వస్తే పసిబిడ్డల తల్లిని పిలిచి పాలు పిండించేది. ఇంట్లో పట్టిన ఆముదం ప్రతి కంటికీ మందే. మసి, ఆముదం కలిపిన కాటుక పుట్టిన పిల్లల దగ్గర్నుంచి అందరికీ. దాని వల్ల ఎంతమందికి కళ్ళు కుళ్ళాయో ఎవరూ చూడలేదు. బాగుపడినవాళ్ళు వచ్చి దండం పెట్టేవాళ్ళు, పడనివాళ్ళు తమ తలరాత అనుకుని ఇంట్లో ఉండేవాళ్ళు.

దసరాకు ముందు ఊరంతా సున్నాలు వేసేవాళ్ళు. సంత నుంచి సున్నపురాళ్ళు గోనెసంచిలో వచ్చేవి. వాటిని వాకిట్లో పెద్ద మట్టి గోలెంలో పోసి, పైన కొద్దికొద్దిగా నీళ్ళు చల్లాలి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత లోపలెక్కడో చిటపటమంటుంది. రాళ్ళు పగులుతాయి, ఆవిరి లేస్తుంది, పొయ్యి లేకుండానే గోలెమంతా కుతకుత ఉడుకుతుంది. ఆ వాసన ముక్కు పుటాలను మంటపెట్టేది. మాకు అంతకంటే గొప్ప తమాషా లేదు. ఒక ఏడాది నేనూ తమ్ముడూ గూట్లోంచి కోడిగుడ్డు దొంగిలించి, గుడ్డలో మూటగట్టి ఆ గోలెంలోకి దించాం. గుడ్డు ఉడికింది. తిన్నాం కూడా. రెండు రోజులు నాలుకలు పొక్కి అన్నం తినలేకపోతే, అమ్మవారు పోసిందేమోనని నాయనమ్మ వేపాకు తెప్పించింది.

సున్నం పనికి ఆమె దగ్గర కట్టుదిట్టమైన పద్ధతి ఉండేది. గోలెం దగ్గరికి వచ్చేవాళ్ళెవరైనా ముందు మోచేతుల దాకా ఆముదం పూసుకోవాలి. తడిచేతితో సున్నం ముట్టుకోకూడదు. చేతి మీద చింది పడితే నూనెగుడ్డతో తుడవాలే గానీ నీళ్ళు తగలనివ్వకూడదు. "రాయిని ఉడకబెట్టేటియి నీళ్ళు. గా నీళ్ళు తోలు మీద పోస్తే ఊకుంటదా?" అనేది. ఆ మాటను కాదనేవాళ్ళు ఊళ్ళో లేరు. ఎలా కాదంటారు? నీళ్ళు పడితే సున్నం ఉడకడం పిల్లల దగ్గర్నుంచి అందరూ కళ్ళారా చూసేదే కదా.

ఇంకో ఏడాది గోలెం కలిపింది చిన్నత్త. నాయన ఎడ్లబండి కట్టుకుని మియాపూర్ వైపు వెళ్ళాడు. నేను అరుగు మీద కూర్చుని సీతాఫలం తింటున్నాను. ఉడుకు తగ్గిందనుకుని చిన్నత్త గోలెం మీదికి వంగి, కర్రతో అడుగుదాకా కలిపింది. అడుగున ఒక పెద్దరాయి ఇంకా పగలకుండా ఉందని ఆమెకు తెలియలేదు. అది లోపలే పేలినట్టు పగిలి, ఉడుకుతున్న సున్నం పైకి ఎగజిమ్మింది.

ఆమె మొదట అరవలేదు. కర్ర వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత "నీళ్ళు" అంది. "అమ్మా, నీళ్ళు, నీళ్ళు" అంటూ తడుముకుంటూ నీళ్ళతొట్టి వైపు పరుగెత్తింది.

"పట్టుకోండ్రి దాన్ని!" అని నాయనమ్మ వంటింట్లోంచి అరుచుకుంటూ వచ్చింది. "నీళ్ళు ముట్టనియ్యకుండ్రి! కండ్లల్ల సున్నం ఉడుకుతది! నీళ్ళు పోస్తే కండ్లు ఉడుకుతయ్!"

చిన్నత్త తొట్టి దగ్గరికి చేరకముందే పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పట్టుకున్నారు. ఆమె పెనుగులాడింది. "నీ కాళ్ళు మొక్కుత అమ్మా, జరన్ని నీళ్ళు పొయ్యే" అని బతిమాలింది. వాళ్ళు వదల్లేదు. ఆ రోజు మా వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ చిన్నత్త అంటే ప్రాణం. అందుకే అంత గట్టిగా పట్టుకున్నారు.

నీళ్ళతొట్టి అక్కడే ఉంది. పొద్దున చిన్నత్తే బావి నుంచి మోసి నింపింది. అంచుల దాకా ఉన్నాయి నీళ్ళు.

నాయనమ్మ ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని, రెప్పలు విడదీసి ఆముదం పోసింది. పైపైన కనిపించిన తెల్లటి ముద్దను నూనెగుడ్డతో అద్ది తీసింది. రెప్పల కింద ఏం ఉందో ఆమెకు కనిపించదు. కనిపెట్టి చెప్పే చూపు ఆ ఒళ్ళోనే మండిపోతోంది. పసిబిడ్డ తల్లిని పిలిపించి పాలు పిండించింది. నందివర్ధనం పూలు పెట్టి కట్టు కట్టింది. అరిచి అరిచి చిన్నత్త గొంతు పోయి మూలుగులోకి దిగాక, "సల్లబడ్డది, ఫికర్ లేదు బిడ్డా" అంది. మేమంతా నమ్మాం. అయిపోయిందనుకున్నాం.

మధ్యాహ్నం దాటాక నాయన వచ్చాడు. కట్టు కొంచెం ఎత్తి చూసి, విప్పిన ఎడ్లను మళ్ళీ కట్టాడు. బండిలో బొంబాయి రోడ్డు దాకా, అక్కడ్నుంచి బస్సులో మూసాపేట మీదుగా పట్నం. చిన్నత్త కొంగు పట్టుకుని నేను వదలకపోతే నాయనా నాయనమ్మా నన్నూ తీసుకెళ్ళారు. మేం కండ్ల దవాఖాన చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి.

అక్కడ తలనెరిసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. కట్టు విప్పి, ఏం పడిందని అడిగాడు. సున్నం అని నాయన చెప్పీ చెప్పకముందే ఆయన చిన్నత్త చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు. తల వంచి రెప్పలు తెరిచి పట్టుకుని, నీళ్ళు వదిలాడు. నాయనమ్మ కెవ్వుమని అడ్డం పడబోతే నాయన పట్టుకున్నాడు. కుళాయి తర్వాత సీసాల్లో మందునీళ్ళు గొట్టంతో పోశారు. రెప్పలు మడిచి, దూదిపుల్లతో లోపలి నుంచి సున్నపు ముక్కలు తీశారు. అవి ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"ఎప్పుడు పడ్డది?" అని అడిగాడు డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

"పొద్దుగాల అయ్యా" అంది నాయనమ్మ.

"పొద్దుగాలనా? మీ ఇంట్ల నీళ్ళు లెవ్వా?"

"ఉన్నయ్ అయ్యా. సున్నం గదా, నీళ్ళు పోస్తే ఉడుకుతదని..."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. బెంచీ మీద కూర్చుని, అలసిపోయినట్టు చెప్పాడు. "చారెడు పోస్తే ఉడుకుతది అమ్మా. బిందెలకు బిందెలు పోస్తే కొట్టుకపోతది. పడ్డ క్షణాన్నే తొట్టిల తలకాయ ముంచితే, ఈ పొద్దు ఈ పోరి గీడికి వచ్చేదే గాదేమో."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన గోడ వైపు తిరిగాడు. చిన్నత్త లోపల గదిలో ఉంది, ఆమె వినలేదని అనుకున్నాం.

చాలా రోజులు దవాఖానలో ఉంచారు. ఇంటికొచ్చాక కట్లు విప్పితే కుడికన్ను మొత్తం కాచిన పాలమీగడలా తెల్లగా ఉంది. రెప్ప లోపలి పొర గుడ్డుకు అతుక్కుపోయింది. ఎడమకన్ను కొంచెం నయం. ఊరి జనం వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని, తమకు తోచిన కారణం తాము చెప్పుకున్నారు. "దవాఖానల పైపు పెట్టి నీళ్ళు కొట్టిండ్రట. గందుకే కండ్లు పాయె. పెద్దవ్వ నూనె పోసి సల్లగ జేస్తే, ఆళ్ళు నీళ్ళు పోసి ఉడకబెట్టిండ్రు" అన్నారు. నాయన విన్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. అంటే ఏమనాలి? చెల్లెలి కళ్ళు తన తల్లే తీసిందని అనాలి.

ఆ తర్వాత నాయనమ్మ ఒక పని మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే నీళ్ళు కాచి చల్లార్చి, చిన్నత్తను అరుగు మీద తూర్పుకు తిప్పి కూర్చోబెట్టి, రెండు కళ్ళలో చెంబుతో నీళ్ళు పోసేది. ధార కట్టి పోసేది. అప్పటికి కళ్ళలో కడగడానికి సున్నం లేదు, చూపూ లేదు. చిన్నత్త తల పైకెత్తి, కళ్ళు తెరిచి పెట్టుకుని, నీళ్ళు మెడ మీదికి కారుతుంటే కదలకుండా కూర్చునేది. ఎందుకు పోస్తున్నావని అడగలేదు. చాలమ్మా అని కూడా అనలేదు. నాయనమ్మ చెయ్యి ఎత్తలేనిదయ్యేదాకా అది ఆగలేదు.

మరుసటి ఏడు దసరాకు ముందు, వాడకట్టులో సున్నాలు వేసే ఒక పెద్దమనిషి కంట్లో సున్నం చిందింది. భార్య అతన్ని చెయ్యి పట్టుకుని మా ఇంటికే ఉరికించుకొచ్చింది. ఎటు పోతారు మరి? నాయనమ్మ చూడగానే లేచి నిలబడి గావుకేక పెట్టింది.

"నీళ్ళు! తొట్టిల తలకాయ ముంచుండ్రి! బిందెలకు బిందెలు పొయ్యిండ్రి!"

వాళ్ళు బిత్తరపోయారు. భార్య వెనక్కి తగ్గి, మొగుణ్ణి తన వెనక్కి లాక్కుంది. "ఏంది పెద్దవ్వా, గట్లంటవు? నువ్వే గద చెప్పినవ్, నీళ్ళు తగలనియ్యొద్దని."

"నేను చెప్పింది తప్పు! నీళ్ళు పొయ్యే, నీ కాళ్ళు మొక్కుత!"

ఆ ఇల్లాలు ఒకసారి చిన్నత్త వైపు చూసి, మళ్ళీ నాయనమ్మను చూసింది. పక్కనున్నవాళ్ళతో గొంతు తగ్గించి, "బిడ్డకట్లయినంక పాపం పెద్దవ్వకు మతి తప్పింది. అందరి కండ్లు గట్లనే గావాల్నని అనిపిస్తున్నదో ఏమో" అంది. వాళ్ళింటికి తీసుకెళ్ళి ఆముదం పోశారు. నాయనమ్మ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని, ఆ వయసులో, సగం నీళ్ళు ఒలకబోసుకుంటూ వాళ్ళ వెంట పరుగెత్తింది. వాళ్ళు తలుపు వేసుకున్నారు. ఆమె బయట నిలబడి తలుపు కొడుతూ ఉంటే ఊరంతా చూసింది, ఎవరూ పలకలేదు. ఆ మనిషి కన్ను పోయింది. ఆమె జీవితమంతా చెప్పిన మాటల్లో ఊరు కాదన్నది అదొక్కటే. సున్నం గురించి ఆమె చెప్పిన సరైన మాట కూడా అదే.

ఆ సమయమంతా చిన్నత్త అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో తడిమి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తన తల్లి "నేను చెప్పింది తప్పు" అన్నప్పుడు ఆమె వేళ్ళు ఆగాయి. నాయనమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చి పక్కన కూలబడింది. చిన్నత్త ఆ తడి చీరను చేత్తో తడిమి చూసింది. తర్వాత మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.  ఆ రోజు గానీ, ఆ తర్వాత నాయనమ్మ పోయేదాకా గానీ ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

చిన్నత్తకు పెళ్ళి కాలేదు. మమ్మల్ని పెంచింది, మా పిల్లల్నీ పెంచింది. గుండ్లను మందుపెట్టి పేల్చారు. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి. పేలుడు వినపడ్డప్పుడల్లా చిన్నత్త "ఇది పెద్దగుండు గాదు గదా?" అని అడిగేది. కాదు అనేవాళ్ళం. ఒకరోజు అదే అయింది. ఆ రోజూ కాదనే చెప్పాం.

"అమ్మా, లోపలికి రండి" అని నర్సు పిల్ల పిలవడంతో మళ్ళీ ఆసుపత్రిలోకి వచ్చిపడ్డాను.

డాక్టరు చాలా చిన్నది, మా అమ్మాయి కంటే చిన్నది. కోస్తా మాట, మెత్తటి గొంతు. చిన్నత్త గడ్డాన్ని యంత్రం మీద ఆనించి చాలాసేపు చూసింది. కుడికన్ను చూసింది, ఎడమకన్ను చూసింది. లైటు వేసి, "ఎటువైపు వెలుతురు ఉందో చెప్పండమ్మా" అంది. చిన్నత్త ఆలోచించి ఒకవైపు చూపించింది. లైటు రెండో వైపు ఉంది.

డాక్టరమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఏమీ చేయలేమండీ. కుడికన్ను సంగతి మీకు తెలుసు. ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది. నల్లగుడ్డు మార్చినా లోపల చూసే నరమే లేదు కదండీ. నొప్పి లేకుండా చుక్కలు రాసిస్తాను. ఇంకెక్కడికీ తిప్పకండి ఆవిణ్ణి, అనవసరంగా అలసిపోతారు."

 చిన్నత్త గడ్డం యంత్రం మీద నుంచి తీసి, కొంగు సర్దుకుని, "అయిపోయిందా బిడ్డా?" అంది.

"అయిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ. కంప్యూటర్లో ఏదో కొట్టబోతూ ఆగింది. "ఒక్కటి అడగాలండీ. అప్పుడు సున్నం పడగానే నీళ్ళతో కడిగారా?"

 నేను చిన్నత్త వైపు చూశాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"కడిగిండ్రు" అంది.

"వెంటనేనా? కొంచెం ఆలస్యమైందా?"

"ఎంటనే బిడ్డా. పడ్డ క్షణాన్నే. మా అమ్మ తొట్టిల తలకాయ ముంచింది. బిందెలకు బిందెలు పోసింది."

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. దవాఖాన లోపలి గదిలో నుంచి ఆ పొద్దు ఆమె అంతా విన్నది. ముసలి డాక్టరు అన్న మాట అన్నట్టే ఇన్నేళ్ళూ లోపల పెట్టుకుంది. చెంబుతో నీళ్ళు పోసిన ప్రతి పొద్దునా అది తెలిసే తల పైకెత్తి కూర్చుంది.

డాక్టరమ్మ నిట్టూర్చి, టకటకా రాసుకుంది. "అయినా ఇలా అయిందంటే చాలా ఘాటు సున్నమై ఉంటుందండీ. మీ అమ్మగారు చేయాల్సింది అంతా చేశారు. ఆవిడ తప్పేమీ లేదు."

చిన్నత్త ఆ గొంతు వచ్చిన వైపు ముఖం పెట్టి రెండు చేతులూ జోడించింది. నా భుజం మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చింది. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు నా భుజాన్ని గట్టిగా నొక్కింది.

"విన్నవానే, డాక్టరమ్మ ఏమన్నదో?"

"విన్న అత్తా."

"మా అమ్మ తప్పేం లేదట."

ఆమె ముఖం అంత తేటగా ఉండడం నేను చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఆ మాట వెళ్ళి చెబుదామంటే, ఆనాడు నాయనమ్మ ముఖం మీద తలుపు వేసినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. ఊరూ మిగల్లేదు.